వంటింట్లోంచి దారి

కొక్కెం కొనను మూత కన్నంలోకి దించి, ఎడమకాలు నేలకు గట్టిగా తన్నిపెట్టి, మీటరమ్మ ఒక్క గుంజు గుంజింది. ఇనుప మూత కిర్రుమని లేచి పక్కకు ఒరిగింది. గుంటలో మోకాలి లోతు చీకటి, ఒక బొద్దింక, తడిమట్టి వాసన. టార్చి వేసి, తల వంచి, మీటరు అద్దం మీది బురదను బొటనవేలితో తుడిచింది. అంకెలను పైకి ఒకసారి, మనసులో ఒకసారి చదువుకుని పుస్తకంలో రాసింది. మూతను కాలితోనే యథాస్థానానికి జరిపి, సరిగ్గా కూర్చుందో లేదో దానిమీద ఎక్కి నిలబడి చూసుకుంది. అది ఆ రోజుకు పద్నాలుగో మూత. అప్పటికి ఇంకా ఎనిమిది కూడా కాలేదు.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, నడక మాత్రం పొడుగుకాళ్ళవాళ్ళ నడక. కుడిభుజం ఎడమభుజం కన్నా ఒక వేలెడు కిందికి దిగి ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు మూతలు గుంజితే ఎవరి భుజమైనా అంతే. ఖాకీ కోటుకు నాలుగు జేబులు. ఒకదాంట్లో టార్చి, ఒకదాంట్లో పెన్నులు, ఒకదాంట్లో ఫోను, నాలుగోదాంట్లో ఏముందో ఆమెకే సరిగా తెలియదు. నీటి సరఫరా ఆఫీసు రిజిస్టర్లో ఆమెకు ఒక పేరుంది. ఈ సందుల్లో మాత్రం పిల్లలూ మీటరమ్మ అనే పిలుస్తారు, వాళ్ళ అమ్మమ్మలూ మీటరమ్మ అనే పిలుస్తారు.

పాత నూలుమిల్లు వెనక సందులన్నీ ఆమెవే. వెయ్యిన్నూట నలభై గుమ్మాలు. ప్రతి గుమ్మానికీ నెలకొకసారి. ఏ ఇంటి మీటరు ఏ బకెట్ కింద ఉందో, ఏ ఇంట్లో తలుపు కొట్టాలో, ఏ ఇంట్లో కేకేసి లోపలికి పోవచ్చో ఆమెకు కొట్టిన పిండి. ఇంకో రెండు నెలల్లో వాటంతట అవే లెక్క పంపుకునే కొత్త మీటర్లు వస్తున్నాయి. ఆమె పదవీ విరమణా అప్పుడే. ఆఫీసర్ ఈ రెండు సంగతులూ ఒకే వాక్యంలో చెప్పేశాడు, టీ తాగుతూ.

పదిహేనో మూత దగ్గర జేబులో ఫోను టింగుమంది. చూస్తే గుడ్లగూబ.

గుడ్లగూబ ఎవరో మీటరమ్మకు తెలియదు. ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. మ్యాప్‌లో ఆ మనిషి పెట్టుకున్న పేరు అది. ఎవరైనా గీయగల, ఎవరైనా దిద్దగల, ఎవరైనా ఊరికే వాడుకోగల మ్యాప్ ఒకటుంది. అందులో ఒకరు గీసినదాని కింద ఇంకొకరు ప్రశ్న అడగవచ్చు. ఆమె అందులో చేరి ఆర్నెల్లయింది. ఈ ఆర్నెల్లూ ఆమె గీసిన గీతల కింద గుడ్లగూబ కూర్చునే ఉంది. ఏ ప్రశ్న అడిగినా చివర ఒకటే మాట ఉంటుంది: మీరు స్వయంగా చూశారా?

ఈసారి ప్రశ్న ఇది. "ఇస్త్రీ సందుకూ బావి సందుకూ మధ్య పోయిన నెల మీరొక దారి గీశారు. పైనుంచి తీసిన ఫొటోలో అక్కడ ఇంటి కప్పు కనిపిస్తోంది. దారి నిజంగా ఉందా? మీరు స్వయంగా నడిచారా?"

మీటరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూత మీదే నిలబడి, ఒంటి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుస్తున్నాను. మీరెన్నేళ్ళుగా నడుస్తున్నారు?"

పంపించేసి, కోటు సర్దుకుని, పదహారో మూతకు పోయింది. గుంజే గుంజులో కాస్త కోపం కూడా కలిసింది.

ఈ మ్యాపుల గోలంతా కోడలి వల్ల వచ్చింది. కోడలు అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు ఎత్తుతుంది. అత్తాకోడళ్ళిద్దరూ నోరున్నవాళ్ళే, మధ్యలో కొడుకు నోట్లో నాలుక లేని మనిషి, అందువల్ల ఇల్లు సజావుగానే నడుస్తోంది. పోయిన ఏడాది ఒకరోజు కోడలు డ్యూటీ నుంచి వచ్చి ముద్ద మింగలేదు. మిల్లు వెనకనుంచి ఒక నిండు గర్భిణికి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చిందట. డ్రైవరు సందు సందూ తిరిగి పద్దెనిమిది నిమిషాలు ఇల్లు దొరక్క కొట్టుకున్నాడు. తల్లీ బిడ్డా దక్కారు గాని, ఆ పద్దెనిమిది నిమిషాలూ ఫోను పట్టుకుని ఉన్నది కోడలే.

"మ్యాప్‌లో అక్కడ మిల్లు గోడ ఉందత్తయ్యా. దాని తర్వాత తెల్లగా ఉంది. ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటి? వెయ్యిన్నూట నలభై గుమ్మాలుంటే."

"మీకు తెలుసు. డ్రైవర్‌కి తెలియద్దూ?"

అప్పుడు మొదలైంది చదువు. మొదటి పాఠానికే మీటరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. పైనుంచి తీసిన ఫొటో చూసి ఇస్త్రీ సందులో నలభై ఇళ్ళు గీస్తే, నలభైయ్యీ ఎనిమిది అడుగులు పక్కకు పడ్డాయి. ఫొటోలో ఇల్లు అసలు చోటుకు కాస్త పక్కకు పడుతుందని, నేల మీద తెలిసిన మూలతో సరిపెట్టుకున్నాకే గీయాలని అప్పుడు తెలిసింది. నలభై ఇళ్ళూ చెరిపి మళ్ళీ గీసింది. ఇంకొకసారి వేరే కంపెనీ మ్యాపు చూసి ఒక వీధి పేరు ఎక్కించింది. గుడ్లగూబ అడిగింది, ఆ పేరు బోర్డు మీద చూశారా అని. చూడలేదు. ఒకరి మ్యాపులోది ఇంకో మ్యాపులోకి ఎత్తిపోయకూడదన్నది రెండో పాఠం.

మూడో పాఠం మాత్రం ఆమె తనంతట తానే పట్టేసింది. రెండు దారులు అడ్డంగా ఒకదాన్నొకటి దాటినట్టు కనిపించినా, కలిసేచోట చుక్క పెట్టి కట్టకపోతే ఫోను ఒక దారిలోంచి ఇంకో దారిలోకి మళ్ళదు. ఎందుకలా అని కోడలు వివరించబోతుంటే మీటరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పైపు మీద పైపు పడుకోబెడితే నీళ్ళు పోతాయా? జాయింటు వెయ్యాలి. అంతేగా?"

"అంతే అత్తయ్యా," అంది కోడలు.

ఆ తర్వాత ఆమెను ఆపినవాళ్ళు లేరు. పగలు మీటర్లు, సాయంత్రం సందులు. ప్రతి గుమ్మానికి నంబరు, ప్రతి మలుపుకి చుక్క. కొక్కెం పొడుగు సరిగ్గా రెండున్నర అడుగులు. దాన్ని అడ్డంగా పెట్టి సందుల వెడల్పులు కొలిచింది. ఆర్నెల్లకు మిల్లు వెనక తెల్లదనమంతా నిండిపోయింది. కోడలి ఆఫీసరు చూసి, దీన్ని మన బండ్లలోకి ఎక్కించుకుందాం అన్నాడు. ఈ రోజు సాయంత్రం ఆరింటికి మ్యాపు కాపీ తీస్తారు. అదే బండ్ల ఫోన్లలోకి పోతుంది. మళ్ళీ కాపీ తీసేది మూడు నెలల తర్వాతే. ఆరింటికి ఏముంటే మూడు నెలలూ అదే దారి. పొద్దున బయల్దేరేటప్పుడు కోడలు ఈ మాట రెండుసార్లు చెప్పింది.

పదకొండు దాటాక మీటరమ్మ ఇస్త్రీ సందుకు వచ్చింది. గుండీల బాబాయి ఇల్లు సందు మధ్యలో ఉంటుంది. ఆయన దర్జీలకు దర్జీ. ఊళ్ళో కొట్లవాళ్ళు చొక్కాలు కుట్టి, కాజాలు తీసి గుండీలు వెయ్యడానికి ఆయన దగ్గరికి పంపుతారు. ఇంట్లో ఉన్నదల్లా మంచం, కుట్టుమిషను, గుండీల సీసాలున్న పొడుగు అలమర, వెనక వంటిల్లు. మీటరమ్మ మీటరు చదివి, మూత వేసి, ఎప్పటిలాగే తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి పోయింది.

"వస్తున్నా బాబాయ్."

"రా అమ్మాయ్."

అలమర దగ్గర ఒళ్ళు పక్కకు తిప్పింది. మంచం అంచుకు తగలకుండా రెండడుగులు వేసింది. వంటింట్లో పొయ్యిబల్ల చుట్టూ తిరిగి, వెనక తలుపు గడియ మీద చెయ్యి వేసింది. గడియ తీస్తే బావి సందు. అలా కాకుండా పోవాలంటే బడి గోడ చుట్టూ తిరిగి పావుగంట నడక. ముప్పై ఒక్క ఏళ్ళుగా నెలకొకసారి ఆమె ఈ ఇంట్లోంచే అటు దాటుతోంది. దీన్నే పోయిన నెల మ్యాప్‌లో దారిగా గీసింది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి మంచం మీదనుంచి. ఆయాసంతో ఆయన మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. "నీ కొత్తవాళ్ళు బాగానే ఉన్నారులే. మర్యాదస్తులు."

"ఏ కొత్తవాళ్ళు?"

"ఈ నెలనుంచీ వస్తున్నారుగా. ఫోను చూసుకుంటూ లోపలికొస్తారు. మొన్న మీసాలాయన సంచీతో సహా వచ్చి వంటింట్లో నిలబడ్డాడు. సందు ఇదేనా అండీ అన్నాడు. పొయ్యి చూపించా. నువ్వు పంపావనుకుని మంచినీళ్ళిచ్చి వెనక తలుపు తీశాను."

మీటరమ్మ చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

వెనక్కి తిరిగి తాను వచ్చిన దారిని చూసింది. అలమరకూ గోడకూ మధ్య తాను ఒళ్ళు తిప్పి దూరే సందు. మంచం. పొయ్యిబల్ల. స్ట్రెచర్ మోసుకుని పరిగెత్తుకొచ్చే ఇద్దరు మనుషులు ఇందులోంచి బావి సందుకు పోతారా? ఫోను పొమ్మంటుంది, వాళ్ళు వస్తారు, ఈ అలమర దగ్గర ఆగిపోతారు. బావి సందులో ఎవరికో ఊపిరి ఆడకుండా ఉంటుంది. గుడ్లగూబకు తాను కొట్టిన జవాబు గుర్తొచ్చి మీటరమ్మ నాలుక కరుచుకుంది.

బావి సందులో గట్టు మీద కూర్చుని ఫోను తీసింది. ఇలాంటివి తను ఇంకెన్ని గీసింది? వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. వడ్రంగి షెడ్డులోంచి ఒకటి, బట్టలారేసే పెరట్లోంచి ఒకటి, డాబా మెట్ల కిందనుంచి ఒకటి... మొత్తం తొమ్మిది. అన్నీ ఆమెకు దారులే. జనం ఆమెకు తలుపు తీసి తీసి, అవి తలుపులన్న సంగతే ఆమె మరిచిపోయింది.

కోడలికి ఫోన్ చేసింది.

"ఆరింటి కాపీ ఆపుతారా?"

"ఆపరత్తయ్యా. ఏమైంది?"

చెప్పింది.

"అయితే తొమ్మిదీ చెరిపేయండి."

"అన్నీ చెరిపేస్తే ఎలా? కొన్ని నిజం దారులే ఉండొచ్చు. మిల్లు గోడ వెనక పదహారు గుమ్మాలకి వేరే దిక్కే లేదేమో. చెరిపితే వాళ్ళకి అసలు దారే లేదని చెబుతుంది నీ ఫోను."

"మరి ఏది నిజమో ఎలా తెలుస్తుంది?"

"కొత్తమనిషిలా నడిచి చూస్తాను," అంది మీటరమ్మ. మిగిలిన మూతలు ఒంటిగంటకల్లా ముగించింది. అంకెలు చదవడంలో ఆమె ఏ రోజూ తొందరపడలేదు, ఈ రోజూ తొందరపడలేదు. తర్వాత ఖాకీ కోటు విప్పి చంకలో పెట్టుకుని, మామూలు మనిషిలా వడ్రంగి షెడ్డుకు పోయింది. వడ్రంగి రంపం ఆపకుండానే గేటు గొలుసు తీయమని తల ఊపాడు. పెరటి ఇల్లాలు తడి దుప్పటి పక్కకు జరిపి, కోటేదని అడిగింది. ఎప్పుడూ అందరి మీదా మొరిగే కుక్క వచ్చి ఆమె కాళ్ళ చుట్టూ తిరిగింది. కోటు తీసినంత మాత్రాన ఈ సందుల్లో ఆమె కొత్తమనిషి కాలేకపోయింది.

అప్పుడు మూల మీద మీసాలాయన కనిపించాడు. నలభై అయిదేళ్ళ మనిషి, భుజాన గోనెంత సంచీ, చేతిలో ఫోను. ఒకప్పుడు బస్సు కండక్టరు, పార్శిళ్ళ పనిలో చేరి వారమే అయింది. ఫోను వంక చూసి, గోడ వంక చూసి, మళ్ళీ ఫోను వంక చూస్తున్నాడు.

"ముసలాయన వంటింట్లోకి వెళ్ళింది మీరేనా?"

ఆయన బెదిరిపోయాడు. "ఫోన్‌లో దారుందండీ. నేను కావాలని వెళ్ళలేదు."

"ఆ దారి గీసింది నేనే. తప్పు నాది. ఇప్పుడు మీరు నాకొక సాయం చెయ్యాలి. మీకు ఈ సందులు తెలియవుగా?"

"ముక్క తెలియదు."

"అందుకే మీరు కావాలి."

సంగతి చెప్పింది. ఆయన ముందు నడవాలి, ఆమె పది అడుగులు వెనక వస్తుంది. ఎక్కడ ఆయన ఎవరినీ అడక్కుండా, ఏ గడియా తీయకుండా పోగలిగితే అది దారి. ఎక్కడ ఆయన కాలు ఆగిపోతే అది ఎవరిదో ఇల్లు. బదులుగా ఆయన సంచీలోని పార్శిళ్ళన్నింటికీ గుమ్మాలు ఆమె చూపిస్తుంది. ఆ చివరి మాటకు ఆయన మీసాల కింద పళ్ళు కనిపించాయి.

"నన్ను చూడకండి. నేను లేననుకుని నడవండి."

"లేరనుకోవడానికి మీరు అరుస్తున్నారు కదండీ వెనకనుంచి."

మీటరమ్మ నోరు మూసుకుంది. ఆమె జీవితంలో అది చిన్న విషయం కాదు.

వడ్రంగి షెడ్డు గేటుకు గొలుసు వదులుగానే ఉంది, ఎత్తితే వచ్చేస్తుంది. మీసాలాయన చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని వెనుదిరిగాడు. ఆమె పుస్తకంలో ఇంటూ గుర్తు పెట్టింది. పెరట్లో తడి దుప్పట్లు చూసి ఆయన దూరంనుంచే తిరిగాడు. డాబా మెట్ల కింద తలుపు అవతలివైపు గడియ పెట్టి ఉంది. ఆ గడియ కన్నంలోంచి వేలు పెట్టి తీయవచ్చని తనకొక్కదానికే తెలుసునని ఆమెకు అప్పుడే తెలిసింది. కుక్క ఉన్నచోట ఆయన సంచీ వదిలేసి పరిగెత్తాడు. దానికి ఆమె రెండు ఇంటూలు పెట్టింది.

పాత కమాను దగ్గర మాత్రం ఆయన ఫోను కూడా చూడకుండా తిన్నగా లోపలికి పోయి అవతల తేలాడు. పైన కప్పుంది, ఫొటోలో ఇల్లులాగే కనిపిస్తుంది, కాని అందరిదీ. ఈ దారి ఉంచింది. వెనకాలే పోతూ మెట్లు లెక్కపెట్టింది. మూడు. ఇన్నేళ్ళుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నా అక్కడ మెట్లున్నట్టు మ్యాప్‌లో రాయలేదు. మిల్లు గోడ పక్క సందులో ఆయన సంచీ భుజంనుంచి దించి ముందుకు పట్టుకుని, అడ్డంగా నడిచి దాటాడు. కొక్కెం పెట్టి చూస్తే అడ్డంగా పట్టలేదు, సందు వెడల్పు దానికన్నా జానెడు తక్కువ. దారే, కాని స్ట్రెచర్‌తో ఇద్దరు పోలేరు. వెడల్పు రాసి, నడిచేవాళ్ళకు మాత్రమే అని పెట్టింది. ఆ పదహారు గుమ్మాలకు బండి ఎక్కడిదాకా వస్తుందో వెతికితే, మిల్లు వెనక గేటు దగ్గర చోటు కనిపించింది. ఆ గేటు పగలూ రాత్రీ తెరిచే ఉంటుందని కాపలాదారును అడిగి మరీ రాసుకుంది.

తొమ్మిదిలో రెండు మిగిలాయి. మధ్యమధ్యలో ముప్పై ఆరు పార్శిళ్ళు చేరాల్సిన గుమ్మాలకు చేరాయి. మీసాలాయన ఖాళీ సంచీ దులుపుకుని, రేపు కూడా తప్పులేమైనా ఉంటే చెప్పమని అడిగి వెళ్ళాడు.

నాలుగున్నరకు ఆమె మళ్ళీ గుండీల బాబాయి గుమ్మంలో నిలబడింది. తలుపు తెరిచే ఉంది. ఆమె తలుపు మీద వేళ్ళతో కొట్టింది.

"ఎవరు?" అన్నాడు బాబాయి.

"నేనే. లోపలికి రావచ్చా?"

లోపలనుంచి నవ్వు, నవ్వు వెంట దగ్గు.

"ముప్పై ఏళ్ళు తొక్కి తొక్కి ఇప్పుడు అడుగుతున్నావా? ఒంట్లో బాగానే ఉందా అమ్మాయ్?"

మీటరమ్మ మంచం అంచున కూర్చుని జరిగింది చెప్పింది. ఆయన ఇంటిని వీధి చేసేసిందని, ఊరందరినీ ఆయన వంటింట్లోంచి నడిపిందని, క్షమించమని అడిగింది. ఆయనకు క్షమాపణ సంగతి అంతగా ఎక్కలేదు. ఈ నెలలో పదకొండు మంది వచ్చారని, వాళ్ళలో ఇద్దరికి చొక్కా గుండీలు ఊడి ఉంటే నిలబెట్టి కుట్టి పంపానని చెప్పాడు. ఇకమీద ఎవరూ రారా అని అడిగాడు.

"రారు."

"నువ్వో?"

"నేను కూడా చుట్టూ తిరిగే పోవాలి బాబాయ్. దారి కాని చోట నేను నడుస్తుంటే ఇంకొకరికి ఏం చెప్పను?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

ఆమె లేచి, ఆయన అనుమతి తీసుకుని, కొక్కెంతో తలుపులు కొలిచింది. వాచిన ఆ పాదాలు, ఆ ఆయాసం ఆమె కళ్ళలో మెదులుతూనే ఉన్నాయి. ఏదో ఒకరోజు ఈ ఇంటికే బండి రావాలి. అది ఇస్త్రీ సందులోంచి వస్తే, ముందు తలుపు సన్నం, తర్వాత అలమర, మనిషిని మోసుకుని తిరగడానికి వీలుండదు. వెనక తలుపు రెండు రెక్కలది. పొయ్యిబల్ల ఒక అడుగు జరిపితే మంచం దగ్గరనుంచి తిన్నగా బయటికి. ఆ బల్లను తానే జరిపింది. బాబాయి అడ్డు చెప్పలేదు. తర్వాత బడి గోడ వెంట రోడ్డుదాకా నడుస్తూ మూడుచోట్ల వెడల్పు కొలిచింది. బండి బావి సందులో కుళాయి మూలదాకా వస్తుంది. అక్కడినుంచి వెనక తలుపు పన్నెండు అడుగులు.

కుళాయి గట్టు మీదే కూర్చుని దిద్దడం మొదలుపెట్టింది. ఏడు గీతలు చెరిపింది. ప్రతిదాన్నీ నొక్కేముందు ఒకసారి ఆగింది. వడ్రంగి, ఆ ఇల్లాలు, ఆ కుక్క, అందరూ ఆమెకు ఇన్నేళ్ళుగా ఇచ్చిన దారులు అవి. బాధగానే ఉంది. అయినా చెరిపింది. కమానుకు మూడు మెట్లు పెట్టింది. బాబాయి ఇంటి నంబరుకు రావలసిన గుమ్మంగా బావి సందు వైపు తలుపు గుర్తుపెట్టింది. కలిసేచోటల్లా చుక్కలు పడ్డాయో లేదో వేలు ఆనించి ఆనించి చూసింది. పంపేటప్పటికి ఆరుకు పదిహేడు నిమిషాలుంది.

తర్వాత గుడ్లగూబకు రాసింది.

"మీరు అడిగింది నిజం. అది దారి కాదు, ఒకాయన ఇల్లు. నేను నడిచాను గాని, ఇంకెవరూ నడవలేరు. పొద్దున అలా అన్నందుకు ఏమీ అనుకోకండి."

జవాబు వెంటనే వచ్చింది. "నాకు ఇక్కడినుంచి పైకప్పులు మాత్రమే కనిపిస్తాయి. తలుపులు చూడడానికి మీరున్నారు. మెట్లు గుర్తుపెట్టినందుకు ధన్యవాదాలు." దాని కింద ఇంకో వాక్యం. "ఎన్ని మెట్లో స్వయంగా లెక్కపెట్టారా?"

మీటరమ్మ కుళాయి గట్టు మీద ఒక్కర్తే కూర్చుని పకపక నవ్వింది. నీళ్ళకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ తర్వాత మూడోవారంలో, పొద్దున తొమ్మిదింటికి బాబాయికి ఊపిరాడడం లేదని పక్కింటి ఇస్త్రీ కొట్టామె అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఎత్తింది కోడలే. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. బండి బడి గోడ వెంట పోయింది. ఏడు నిమిషాలు పట్టింది. డ్రైవరుకు ఆ సందులు కొత్త, అయినా ఎవరినీ అడగలేదట. వెనక తలుపు రెండు రెక్కలూ తీసి, మంచం దగ్గరనుంచి తిన్నగా బయటికి తెచ్చారట.

"ఇంకో పావుగంటయితే దక్కేవాడు కాదన్నారు అత్తయ్యా."

మీటరమ్మకు ఏడుపొచ్చింది. గిన్నెలు కడుగుతున్నట్టు అటు తిరిగింది. కోడలు తెలిసినా తెలియనట్టు నిలబడింది.

ఆస్పత్రిలో బాబాయి తొమ్మిది రోజులున్నాడు. వేరే ఊళ్ళో ఉండే కూతురు రెండోరోజుకే వచ్చింది. తండ్రీ కూతుళ్ళకు మాటలు లేక చాలా ఏళ్ళయిందని సందులో అందరికీ తెలుసు. తొమ్మిది రోజులూ ఆ మంచం పక్కన మాటలు వినిపిస్తూనే ఉన్నాయని నర్సు కోడలితో అన్నదట. పదోరోజు పొద్దున కూతురు కాఫీ తాగి వచ్చేసరికి ఆయన నిద్రలోనే వెళ్ళిపోయాడు.

మరుసటి వారం ఇస్త్రీ సందు మీటర్లు. ఆ సందుకు ఆమెకది చివరి తిరుగుడు. గుండీల బాబాయి ఇంటి ముందు మూత గుంజి, టార్చి వేసి, అద్దం తుడిచి, అంకెలు చదివి రాసుకుంది. మూత వేసి దానిమీద ఎక్కి నిలబడి, తలెత్తి తలుపు వైపు చూసింది.

తాళం వేసి ఉంది. తాళం పైన ఒక అట్టముక్క వేలాడుతోంది. ఇది ఎప్పటినుంచి ఉందని పక్కింటి ఇస్త్రీ ఆమెను అడిగింది. నువ్వు కొలతలు తీసుకుని పోయిన మర్నాడే ఆయన కట్టాడని, మంచం దిగి వచ్చి కట్టడానికి అరగంట పట్టిందని ఇస్త్రీ ఆమె చెప్పింది.

అది చొక్కాల పెట్టె మూత. రెండు మూలలా కన్నాలు, ఆ కన్నాలు చిరిగిపోకుండా చుట్టూ కాజా కుట్టు, దగ్గర దగ్గరగా, ఒక్క పోగు కూడా జారకుండా. దర్జీ సుద్దతో రాసి, చెరిగిపోకుండా మీద మైనం రుద్దిన అక్షరాలు: ఇటు దారి లేదు. మీటరమ్మకు ఉంది.